సింగ్‌నగర్‌లో 72 గజాల పాత డాబా, 46 లక్షలు చెప్తున్నారు. తీసుకోవచ్చా?

బందరురోడ్డు_బాబు | 2025 జులై 5, శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఒక ఇల్లు చూశాం. 72 గజాలు, 1991లో కట్టిన డాబా. ముందు వరండా, హాలు, ఒక పడకగది, వంటిల్లు, వెనక తర్వాత కలిపిన రేకుల గది. తూర్పు ముఖం. వీధి పది అడుగులు ఉంటుంది. 46 లక్షలు చెప్తున్నారు, కూర్చుని మాట్లాడితే కొంచెం తగ్గుతారని మధ్యవర్తి అంటున్నాడు. ఇల్లంతా కొత్తగా రంగులు వేసి ఉంది.

మేం 19 ఏళ్లుగా అద్దె ఇళ్లలోనే ఉన్నాం. నాన్న పోయాక అమ్మది ఒకటే మాట, చిన్నదైనా సొంత ఇల్లు కావాలని. అమ్మకి 63 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఫ్లాటు వద్దంటుంది. నేల మీద ఇల్లు, గుమ్మం ముందు ముగ్గు, పెరట్లో తులసికోట ఉండాలంటుంది.

నా అనుమానాలు రెండు. పడకగది స్లాబులో ఒక మూల సన్నని బీట ఉంది. కిటికీ పై మూల నుంచి గోడ మీద ఏటవాలుగా ఇంకో బీట ఉంది. ఇవి ప్రమాదమా? రెండోది, ఈ రేటు సరైనదేనా? రేపటిలోగా 2 లక్షలు బయానా ఇవ్వమంటున్నారు. ఆషాఢం కాబట్టి ఆగారు గానీ, శ్రావణం వస్తే వేరే పార్టీ సిద్ధంగా ఉందట. చాలా టెన్షన్‌గా ఉంది.

స్లాబు_గీత | జులై 5, రాత్రి 11:25

బాబు గారూ, ముందు ఆ 2 లక్షలు మీ దగ్గరే ఉంచుకోండి. ఇంటిని ఒకసారి చూసి బయానా ఇచ్చేవాళ్లు ఎక్కువ నష్టపోవడం నేను చూశాను. నాది సివిల్ ఇంజినీరింగ్, 14 ఏళ్లుగా ఇదే పని. మళ్లీ వెళ్లినప్పుడు ఇవి చూడండి.

1991 నాటి చిన్న డాబాలు చాలా వరకు పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసి కట్టినవి. మీరు చూసింది కూడా అదే అయితే దాని మీద ఇంకో అంతస్తు వేసే ఆలోచన మానుకోండి. గోడ మందం కొలవండి. 9 అంగుళాలుంటే పర్వాలేదు, నాలుగున్నర అంగుళాల గోడ మీద స్లాబు మోస్తుంటే భయపడాలి. కనపడని చోట, మెట్ల కిందో రేకుల గదిలోనో, ఇటుకల మధ్య అతుకుని మేకుతో గీకండి. పొడిపొడిగా రాలి మట్టి వస్తే అది మట్టితో కట్టిన గోడ. సిమెంటు అయితే మేకు జారిపోతుంది.

స్లాబు కింద చిన్న కర్రతో అడుగు అడుగుకీ తట్టండి. గట్టిగా ఉన్నచోట టకటక మోగుతుంది, ఊచలు తుప్పు పట్టి పెచ్చు వదిలినచోట డొల్లగా మోగుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకి కింద కాంక్రీటు పెచ్చులుగా ఊడిపోతుంది. ఆ రోజుల్లో ఊచ కింద ఉండాల్సినంత మందంగా కాంక్రీటు చాలామంది వేయలేదు. బీట పక్కన గోధుమరంగు మరక ఉంటే లోపల తుప్పు మొదలైనట్టే. ఒక మూల మాత్రమే అయితే పాత కాంక్రీటు చెక్కించి ఊచలు శుభ్రం చేయించి బాగు చేయొచ్చు. గది అంతా డొల్లగా ఉంటే ఆ స్లాబుకి విలువ కట్టకండి, పడగొట్టే ఖర్చు తగ్గించి మాట్లాడండి.

కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన బీటే నాకు ఎక్కువ అనుమానంగా ఉంది. పునాది ఒకవైపు కుంగితే అలా పడుతుంది. అది పాతదా, ఇంకా పెరుగుతోందా అన్నది తేలాలి. బీటకి అడ్డంగా చిన్న గాజుముక్కని సిమెంటుతో అతికించి తేదీ రాసిపెడతాం. రెండు మూడు నెలల్లో గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే కనీసం తలుపులు, కిటికీలు మూసి చూడండి. పట్టేసినా, చట్రం పైన ఒకవైపు సందు ఎక్కువున్నా నేల కదిలిందన్నమాట.

పాత_బెజవాడ | జులై 6, ఆదివారం ఉదయం 6:15

తమ్ముడూ, గోడల సంగతి గీతమ్మ చెప్పింది. నేను నీళ్ల సంగతి అడుగుతాను. సింగ్‌నగర్‌లో కొత్త రంగులు వేసిన పాత ఇల్లు అంటున్నావు. పోయిన ఏడాది సెప్టెంబరు 1న ఆ ఇంట్లోకి ఎంత నీరు వచ్చిందో అడిగావా?

బుడమేరు గురించి వినే ఉంటావు, బెజవాడ దుఃఖదాయని అంటారు. ఆ ఏరు అసలు కొల్లేటికి పోవాలి. వరద వస్తే వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ నుంచి మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? 2024లో అదే జరిగింది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఇటు మళ్లింపు కాలువ గట్టుకి మూడు గండ్లు. సెప్టెంబరు 7న గాని మూడో గండి పూడలేదు, దానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. 2005లోనూ బుడమేరు ఊళ్లోకి వచ్చింది. నేను రెండూ చూశాను.

పేరు చూసి ఏ పేటనీ మంచిదనీ చెడ్డదనీ అనుకోకు. వరద అనగానే మా చిన్నప్పుడు అందరూ కృష్ణలంక పేరు చెప్పేవాళ్లు. నిరుడు అంత వరదలో నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ అడ్డం ఉండబట్టి కృష్ణలంక చాలావరకు నిలబడింది, మునిగింది సింగ్‌నగర్. మొగల్రాజపురం ఎత్తులో ఉంది కదా అనుకుంటే ఆగస్టు 31న కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. ఏ వీధికి ఆ వీధే చూసుకోవాలి.

పాయకాపురం_లక్ష్మి | జులై 6, ఉదయం 9:50

పాత_బెజవాడ బాబాయ్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మాది సింగ్‌నగర్ పక్కనే ఉన్న పాయకాపురం. ఆ ఆదివారం పొద్దున పాలు పోసే అబ్బాయి, నీళ్లు వస్తున్నాయి అక్కా అని అరుచుకుంటూ వెళ్లాడు. నేను కాఫీ గిన్నె దించేలోపు గుమ్మం దాటి వచ్చాయి. గంటలో మంచం మునిగింది. ఫ్రిజ్ తేలింది. పిల్లల్ని, మా అత్తగారిని తీసుకుని మేడ మీదకి వెళ్లాం. మూడు రాత్రులు అక్కడే ఉన్నాం. హెలికాప్టర్ నుంచి పొట్లాలు వేశారు, తర్వాత పడవలు వచ్చాయి. చంటిపిల్లలకి పాలు లేక ఏడుస్తుంటే వీధి వీధంతా వినపడేది.

ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. నేను ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను, ఇల్లు అమ్మలేదు. ఇరుగుపొరుగు మంచివాళ్లు, బడి దగ్గర, బజారు దగ్గర, ఆటోలు అర్ధరాత్రి కూడా దొరుకుతాయి. కొనేవాళ్లు తెలిసి కొనాలని చెప్తున్నాను.

ఒక ప్రశ్న అడగండి. "మీకు వరద సాయం ఎంత పడింది?" అని. అప్పుడు ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తు వాళ్లకి 10 వేలు ఇచ్చింది. "నీళ్లు వచ్చాయా?" అంటే కొంచెమే అంటారు. డబ్బు గురించి అడిగితే మొదట నోట్లోంచి నిజమే వస్తుంది.

ఇంకోటి. ఆ ఇంటికి మేడ మీదకి మెట్లు ఉన్నాయా? మీరు ఆ విషయం రాయలేదు.

బందరురోడ్డు_బాబు | జులై 6, మధ్యాహ్నం 1:30

అందరికీ ధన్యవాదాలు. బయానా ఇవ్వలేదు. వారం ఆగమని చెప్పాను, మధ్యవర్తి కొంచెం కోపగించుకున్నాడు. నీళ్ల గురించి అడిగితే "మోకాలి లోతు వచ్చి ఒక్కరోజులో పోయాయి" అన్నాడు. మెట్లు లేవు లక్ష్మి గారూ, వెనక గోడకి ఇనప నిచ్చెన ఉంది. నేను దాన్ని పట్టించుకోలేదు.

దస్తావేజు_మాస్టారు | జులై 6, సాయంత్రం 5:05

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాస్తూ 30 ఏళ్లు గడిపాను. గోడ బాగోలేకపోతే తర్వాతైనా బాగుచేసుకోవచ్చు. కాగితం బాగోలేకపోతే జీవితాంతం కోర్టు చుట్టూ తిరగాలి. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ స్థలం ఎలా వచ్చిందో కనుక్కోండి. ఆ వైపు కొన్ని వీధుల్లో సొంత పట్టా భూముల్లో వేసిన ప్లాట్లు ఉంటాయి, కొన్నిచోట్ల ప్రభుత్వం పేదలకి ఇచ్చిన ఇంటి స్థలాలు ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చిన స్థలాల అమ్మకం మీద 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ఉంది, ఇంటి స్థలాలకి గడువు నిబంధనలు మధ్యలో మారాయి కూడా. ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో (దాన్నే 22ఏ నిషేధిత జాబితా అంటారు) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే చూడొచ్చు. అక్కడ ఉంటే ఇక ముందుకి వెళ్లొద్దు.

ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తనఖాలు చూపించే పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది. ఇల్లు కట్టింది 1991 కాబట్టి సరిపోతుందనుకోవద్దు. స్థలం అంతకుముందు చేతులు మారి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాల నుంచి కూడా తీయించండి. డోరు నంబర్లు మారుతూ వచ్చాయి, అందుకని పాత నంబరుతో, కొత్త నంబరుతో, సర్వే నంబరుతో మూడుసార్లు వెతికించాలి. ఒక్క నంబరుతో తీసిన ఈసీ శుభ్రంగా ఉందని సంతోషపడి మోసపోయినవాళ్లున్నారు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, చేబదుళ్లు, కోర్టు కేసులు ఈసీలో కనపడవని కూడా గుర్తుంచుకోండి.

అమ్మే ఆయనకి ఆ ఇల్లు ఎలా వచ్చింది? తండ్రి సొంత సంపాదనతో కొని, వీలునామా రాయకుండా పోయి ఉంటే తల్లికి, అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి అందరికీ సమాన వాటా ఉంటుంది. పెళ్లిచేసి పంపిన ఆడపిల్లకి కూడా. మన దగ్గర ఎక్కువ గొడవలు ఇక్కడే. "చెల్లికి కట్నం ఇచ్చేశాం, ఆమె అడగదు" అంటారు. ఆమె వచ్చి సంతకం పెట్టనివ్వండి, లేదా రిజిస్టర్ అయిన హక్కు విడుదల పత్రం చూపించమనండి. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అడగండి, అందులో ఎంతమంది పేర్లుంటే అంతమందినీ కలవండి.

జీపీఏ మీద, అంటే యజమాని ఇంకొకరికి రాసిచ్చిన అధికార పత్రం మీద అమ్ముతున్నారంటే అసలు యజమానితో స్వయంగా మాట్లాడి ఆయన చేతే రిజిస్టర్ చేయించుకోండి. ఉత్త జీపీఏ, అగ్రిమెంటు కాగితాలతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే స్పష్టంగా చెప్పింది. ఇక ఒరిజినల్ దస్తావేజులు కళ్లతో చూడండి. జిరాక్సులు చూపించి "ఒరిజినల్స్ లాకర్లో ఉన్నాయి" అంటే, లాకర్ దాకా వెళ్లండి.

చివరగా టేపు పట్టుకుని కొలవండి. కాగితంలో 72 గజాలు, నేల మీద 66 గజాలు ఉండటం మామూలే. పక్క గోడ ఉమ్మడిదా, ఎవరి సొంతమా అన్నది దస్తావేజులో హద్దుల దగ్గర రాసి ఉంటుంది.

కూకట్‌పల్లి_నాని | జులై 6, రాత్రి 8:20

నేను హైదరాబాద్‌లో 2017లో ఇలాంటిదే 80 గజాల ఇల్లు కొన్నాను. నా తప్పు ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. రోడ్డు ఎత్తు చూడలేదు. ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది వేస్తూ పోయారు. కట్టినప్పుడు రోడ్డుకన్నా రెండడుగుల ఎత్తున్న ఇల్లు నేను కొనేసరికి రోడ్డుకన్నా అరడుగు కిందకి పోయింది. 2020 అక్టోబరు వానలకి డ్రైనేజీ నీళ్లు బాత్రూం గొట్టంలోంచి వెనక్కి తన్నాయి. ఆ వాసన ఆరు నెలలు పోలేదు.

హైదరాబాద్‌లో ఎవరైనా చూస్తున్నట్లయితే చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టకుండా వదలాల్సిన బఫర్ హద్దు కూడా చూసుకోండి. 2024లో చెరువు స్థలాల్లో కట్టినవి కూల్చే హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ వచ్చాక ఇక్కడ అందరికీ ఆ మాటలు నోటికొచ్చాయి, కొనేముందు తెలిసి ఉంటే బాగుండేది అనుకునేవాళ్లు చాలామంది.

పాయకాపురం_లక్ష్మి | జులై 6, రాత్రి 9:00

రోడ్డు ఎత్తు సంగతి చాలా ముఖ్యం, నాని గారు మంచి మాట గుర్తు చేశారు. దానితోపాటు వీధిని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా చూడండి. మునిసిపాలిటీ కుళాయి వచ్చే టైముకి వెళ్లండి. నీళ్లు సన్నగా వస్తున్నాయా, బిందె నిండటానికి ఎంతసేపు, మొదటి నీళ్లు రంగు ఎలా ఉన్నాయి, ఇవన్నీ అక్కడ నిలబడితేనే తెలుస్తాయి. వాన మర్నాడు వెళ్తే ఇంకా మంచిది.

ఇస్త్రీ బండి ఆయన్ని, కిరాణా కొట్టు ఆవిడని అడగండి. వీధిలో ఏ ఇంట్లో గొడవలు, ఎవరు తాగి అరుస్తారు, ఏ ఇల్లు ఎందుకు అమ్ముడుపోవట్లేదు, అంతా వాళ్లకి తెలుసు. మీ అమ్మగారిని తీసుకెళ్లి పక్కింటి ఆడవాళ్లతో ఓ అరగంట మాట్లాడించండి. మనతో చెప్పనివి ఆవిడతో చెప్తారు.

బందరురోడ్డు_బాబు | జులై 13, ఆదివారం రాత్రి 9:45

వారం రోజులుగా నాలుగుసార్లు వెళ్లి వచ్చాను. మీరు చెప్పినవన్నీ రాసుకుని వెళ్లాను. ఒక్కొక్కటే చెప్తాను.

మొన్న రాత్రి వాన పడింది. మర్నాడు పొద్దున ఆరింటికి వెళ్తే వీధి చివర నీళ్లు నిలిచి ఉన్నాయి, ఇంటి ముందు లేవు. కానీ గుమ్మం రోడ్డుకన్నా నాలుగంగుళాలే ఎత్తు. వెనక రేకుల గది నేల రోడ్డుకన్నా కిందకే ఉంది. కుళాయి నీళ్లు బాగానే వస్తున్నాయి.

స్లాబు తట్టి చూశాను. హాలు గట్టిగా ఉంది. పడకగదిలో మూడో వంతు డొల్లగా మోగింది. గోడ 9 అంగుళాలు, అతుకు సిమెంటే. కిటికీ తలుపు పట్టేస్తోంది, అడుగున రెండుసార్లు చిత్రిక పట్టిన గుర్తులున్నాయి.

ఇక నీళ్ల సంగతి. గోడలన్నీ రంగులు వేసి ఉన్నాయి కదా, ఏమీ కనపడలేదు. పడకగదిలో గోడ అలమర ఉంది, దాని చెక్క తలుపు తీసి లోపల ఫోను లైటు వేసి చూశాను. లోపలి గోడకి రంగు వేయలేదు. నా భుజానికి కొంచెం కింద, అడ్డంగా మట్టి గీత ఉంది. టేపు పెట్టి కొలిస్తే 4 అడుగుల 7 అంగుళాలు. కరెంటు మీటరు పెట్టె వెనక కూడా అదే ఎత్తులో అదే గీత.

కిరాణా కొట్టు పెద్దావిడ "మీరు చూసే ఇంట్లో ముసలాయన్ని అల్లుడు భుజాల మీద ఎక్కించుకుని బయటికి తెచ్చాడయ్యా" అంది. నాకు కాసేపు మాట రాలేదు.

స్లాబు_గీత | జులై 13, రాత్రి 10:30

అలమర లోపల చూడటం చాలా మంచి పని చేశారు. నాలుగున్నర అడుగుల నీళ్లు అన్ని రోజులు నిలబడ్డాయంటే ఇంటి గురించి ఇంకొన్ని అనుకోవాలి.

స్విచ్ బోర్డులు అన్నీ మునిగి ఉంటాయి. పైన కొత్త ప్లేట్లు బిగించినా గోడల్లోపలి గొట్టాల్లో మట్టి ఉండిపోతుంది, వైరు అతుకులు తుప్పు పడతాయి. మొత్తం వైరింగ్ కొత్తది వేయించే ఖర్చు లెక్కలో రాసుకోండి, ఎర్తింగ్ గుంతతో సహా. సెప్టిక్ ట్యాంకు ఉంటే మూత తెరిపించి చూడండి. ఇక కిటికీ పట్టేయడం, ఏటవాలు బీట, నేల నాని ఉండటం, ఈ మూడూ కలిస్తే నాకు పునాది మీద నమ్మకం తగ్గింది. బంకమట్టి నేల నానితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఆ కదలిక ఒక్క ఏడాదితో ఆగదు. ఫొటోలు చూసి తీర్పు చెప్పలేను. కొనాలని గట్టిగా అనుకుంటే ఒక స్ట్రక్చరల్ ఇంజినీరుని తీసుకెళ్లండి. ఆ ఫీజు మీరు అడిగే తగ్గింపు ముందు చాలా చిన్నది.

గుణదల_రాజు | జులై 14, ఉదయం 7:40

అందరూ భయపెడుతున్నారు గానీ నేను ఇంకోలా చూస్తాను. అన్నా, నువ్వు కొనేది స్థలం. ఇల్లు సున్నా అనుకో. వరద తర్వాత ఆ వైపు రేట్లు దిగాయి కాబట్టే నీకు 46కి చెప్తున్నారు. గండ్లు పడ్డచోట గట్ల పనులు చేశారు. 35కో 36కో దిగితే తీసుకుని, రెండేళ్లు ఉండి, పాతది తీసేసి పిల్లర్ల మీద కింద పార్కింగ్ వదిలి పైన కట్టుకో. నీళ్లు వచ్చినా బండి తడుస్తుంది, మనిషి తడవడు. మా బావ అలాగే చేశాడు.

పాత_బెజవాడ | జులై 14, ఉదయం 8:30

రాజు చెప్పింది డబ్బున్న కుర్రాడికి సరిపోయే మాట. స్థలం కొనడానికి ఒక అప్పు, కట్టడానికి ఇంకో అప్పు, మధ్యలో మళ్లీ అద్దె. పైగా 72 గజాల్లో పది అడుగుల వీధికి కొత్త ప్లాను పెడితే రోడ్డుకి కొంత వదలమంటారు, మిగిలిన దాంట్లో మెట్లకి పోను గది ఎంత వస్తుంది? ఆ వీధిలోకి ఇసుక లారీ రాదు, మెయిన్ రోడ్డు మీద దించి తోపుడు బండ్లతో మోయించాలి. కూలి రెట్టింపు. తమ్ముడు వాళ్లమ్మ కోసం ఇల్లు చూస్తున్నాడు, ఆ సంగతి మర్చిపోకూడదు.

లోను_కౌంటర్ | జులై 14, మధ్యాహ్నం 2:15

బ్యాంకు వైపు నుంచి ఒక మాట. ఆర్బీఐ పెట్టిన పైహద్దు ప్రకారం 30 లక్షల వరకు లోనుకి ఆస్తి విలువలో 90 శాతం దాకా, ఆపైన 75 లక్షల వరకు 80 శాతం దాకా ఇవ్వొచ్చు. ఆ విలువ మీరు మాట్లాడుకున్న రేటు అవ్వాలని లేదు, బ్యాంకు వాల్యుయర్ కట్టిన విలువ తక్కువైతే దాని మీదే లెక్క. 34 ఏళ్ల ఇల్లు కాబట్టి భవనానికి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షు ఉందని రాస్తారో చూస్తాం, లోను గడువు దానిలోపు ఉండాలి. 20 ఏళ్లు అడిగితే 12, 15 ఏళ్లే ఇచ్చిన సందర్భాలున్నాయి. అప్పుడు నెల వాయిదా బాగా పెరుగుతుంది.

రిజిస్ట్రేషన్‌కి ఏపీలో మొత్తం ఏడున్నర శాతం. 42 లక్షలకి తీసుకుంటే 3 లక్షల 15 వేలు. ఇలాంటి ఇళ్లకి ఈ ఖర్చు లోనులో కలవదు. 80 శాతం లోను వచ్చినా మీ చేతి నుంచి 8 లక్షల 40 వేలు, దానిపైన ఇది. దగ్గర దగ్గర 11 లక్షల 55 వేలు నగదు ఉండాలి, వైరింగ్, స్లాబు పనులు కాకుండానే. మీరు బయానా ఇచ్చేముందే బ్యాంకు లాయరు అభిప్రాయం, వాల్యుయేషన్ తెప్పించుకోండి. అగ్రిమెంటులో "బ్యాంకు లోను రాకపోతే బయానా వాపసు" అని ఒక్క వాక్యం రాయించండి.

బందరురోడ్డు_బాబు | జులై 19, శనివారం రాత్రి 10:10

కాగితాల సంగతి. ఇల్లు అమ్మే ఆయన తండ్రి పేరు మీద ఉంది. తండ్రి పోయిన మార్చిలో కాలం చేశారు, వీలునామా లేదు. కిరాణా ఆవిడ చెప్పిన ముసలాయన ఆయనే. అమ్మే ఆయనకి ఇద్దరు చెల్లెళ్లు. ఒకావిడ ఇక్కడే ఉంది, సంతకం పెడతానంది. రెండో ఆవిడ ఏలూరు. ఆమె గురించి అడిగితే "అది మేం చూసుకుంటాం" అన్నారు. మాస్టారు గారు చెప్పినట్టు ఏలూరు ఫోన్ నంబరు అడిగాను, ఇవ్వలేదు. స్థలం సొంత పట్టాదే, నిషేధిత జాబితాలో లేదు. కొలిస్తే 70 గజాలు వచ్చింది.

రేటు 46 నుంచి 41కి దిగారు. మీ అందరి మాటలూ కలిపి చూసుకుంటే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

దస్తావేజు_మాస్టారు | జులై 19, రాత్రి 11:00

నాయనా, ఏలూరు అమ్మాయి సంతకం లేకుండా నువ్వు 41 ఇచ్చినా 31 ఇచ్చినా ఒక వాటా నీది కాదు. ఆమె రేపు కోర్టుకి వెళ్తే న్యాయం ఆమె వైపే ఉంటుంది, ఉండాలి కూడా. ముగ్గురూ కలిసి వస్తేనే మాట్లాడు.

పాయకాపురం_లక్ష్మి | జులై 20, ఆదివారం ఉదయం 8:05

బాబు గారూ, ఒక్కసారి మీ అమ్మగారిని ఆ ఇంటికి తీసుకెళ్లారా? ఇనప నిచ్చెన దగ్గరికి తీసుకెళ్లండి. నేనిక వేరే ఏమీ చెప్పను.

కూకట్‌పల్లి_నాని | జులై 20, ఉదయం 11:30

ఆ ప్రాంతమే కావాలనుకుంటే అదే వీధిలో ఒక పోర్షన్ అద్దెకి తీసుకుని ఈ వానాకాలం ఉండి చూడొచ్చు కదా. నేను కొనేముందు అలా చేసి ఉండాల్సింది.

బందరురోడ్డు_బాబు | జులై 27, ఆదివారం రాత్రి 8:50

ఆ ఇల్లు తీసుకోవట్లేదు. ఎందుకో చెప్పాలి, మీరందరూ ఇంత టైం ఇచ్చారు.

నిన్న సాయంత్రం అమ్మని తీసుకెళ్లాను. అమ్మకి ఇల్లు నచ్చింది. వరండా నచ్చింది, తులసికోట ఎక్కడ పెట్టాలో కూడా చూసుకుంది. పక్కింటావిడతో బాగా మాట్లాడింది. అలమర లోపలి గీత చూపించాను. గీత ఎదురుగా నిలబడితే అది అమ్మ గడ్డం దగ్గరికి వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకెళ్లి నిచ్చెన చూపించాను. నేనేమీ అనలేదు. తనే చీర కుచ్చిళ్లు దోపుకుని రెండు చేతులతో పట్టుకుని ఎక్కింది. మూడో మెట్టు మీద కాలు ఎత్తలేక ఆగిపోయింది. దించాను. "పద నాన్నా" అంది, అంతే.

మధ్యవర్తికి ఫోన్ చేసి చెప్పేశాను. 38కి ఇస్తామన్నారు, వద్దన్నాను.

ఇప్పుడు సత్యనారాయణపురం వైపు 52 గజాలది ఒకటి ఉందని తెలిసింది. చిన్నది, పాతది, రేటు ఎక్కువ. కానీ సిమెంటు మెట్లున్నాయట, నా ఆఫీసుకి కూడా దగ్గర. గుమ్మం ఎత్తు, 2024లో నీళ్లు ఎంతవరకు వచ్చాయి, యజమాని తోబుట్టువులు ఎంతమంది, ఈ మూడూ ఫోన్‌లోనే అడిగాను. మొదటి రెండిటికీ జవాబు చెప్పారు, మూడోది వెళ్లి కనుక్కోవాలి.

స్లాబు_గీత | జులై 27, రాత్రి 9:20

52 గజాలంటే రెండు పక్కలా ఉమ్మడి గోడలే ఉండే అవకాశం ఎక్కువ. పక్కవాళ్ల బాత్రూం మీ గోడకి ఆనుకుని ఉందేమో చూడండి. కింది భాగంలో చెమ్మ, ఉప్పు పూత ఉంటే అటు నుంచే వస్తుంది. నేను వచ్చే శనివారం విజయవాడలో పని మీద ఉంటాను, మీకు వీలైతే ఓ గంట వచ్చి చూస్తాను. ఫీజు ఏమీ వద్దు.

పాయకాపురం_లక్ష్మి | జులై 27, రాత్రి 9:35

మా పిన్నిది సత్యనారాయణపురమే, 40 ఏళ్లుగా అక్కడే ఉంది. ఏ వీధో చెప్పండి, రేపే కనుక్కుంటాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

బందరురోడ్డు_బాబు | జులై 27, రాత్రి 9:50

చెప్పాను లక్ష్మి గారూ. వీధి పేరు మీకు మెసేజ్ పెట్టాను. గీత గారూ, శనివారం ఎన్ని గంటలకైనా సరే, అమ్మ భోజనం మా ఇంట్లోనే అంటోంది.